పర్దా పిలుపు

రామలింగయ్య నోట్లో నాలుక లేని మనిషని లాల్‌దర్వాజాలో అందరూ అనేవారు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో అతనికి ఎన్నడూ తేలలేదు. నయాపూల్ దగ్గర ఒక వకీలు కింద నకళ్లు రాసే గుమాస్తా అతను. తీర్పులూ దావాలూ అర్జీలూ అన్నీ ఉర్దూలోనే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాటిని ఒక కాగితం మీంచి ఇంకో కాగితం మీదికి దించడమే పని. నకలు రాసేవాడు రాసే మాట గురించి ఆలోచించకూడదు. ఆలోచిస్తే చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆగితే సిరా ముద్ద పడుతుంది, ముద్ద పడ్డ కాగితం మళ్లీ మొదటినుంచీ రాయాలి. పన్నెండేళ్లలో రామలింగయ్య కాగితం మీద ఒక్క ముద్ద పడలేదు. ఆ సంగతిలో అతనికి కాస్త గర్వం కూడా ఉండేది.

యుద్ధం మొదలైన మూడో ఏడు అది. పట్నంలో అద్దెకు గది దొరకడం గగనమైపోయింది. గడియారాలు బాగుచేసే కమాలుద్దీన్ సాబ్ తన ఇంటి పై గది ఇస్తానన్నాడు గానీ, ఇద్దరు కలిసి వస్తేనే అన్నాడు. ఒకడు ఊరికి పోయినా రెండోవాడు గది కనిపెట్టుకొని ఉంటాడని ఆయన ఆలోచన. చాయ్ హోటల్లో ఎదురు బల్ల మీద కూర్చునే దుర్గయ్య కూడా గది కోసమే తిరుగుతున్నాడు. అతను లక్ష్మయ్య బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. ఇద్దరూ ఒక్కటై వెళ్లారు. కిరాయినామా రామలింగయ్యే రాశాడు, ముత్యాల్లాంటి తన దస్తూరితో. కింద తను సంతకం చేశాడు, చదువురాని దుర్గయ్య బొటనవేలు వేశాడు.

అందులో ఒక షరతు ఉంది. పై గదికి మెట్లు సందులోంచే, కాబట్టి రాకపోకలకు ఇబ్బంది లేదు. కానీ గదిలోంచి ఇంకో పది మెట్లెక్కితే మిద్దె. బట్టలు ఆరేసుకోవాలన్నా, ఎండాకాలం పడుకోవాలన్నా అక్కడికే పోవాలి. మిద్దె మీద నిలబడితే కింద కమాలుద్దీన్ ఇంటి వాకిలంతా కనిపిస్తుంది. ఆ వాకిట్లో ఆయన తల్లి షౌకత్ బీ, ఆమె కోడలు సురయ్యా తిరుగుతుంటారు. బస్తీలో ఎవరు ఏ మిద్దె ఎక్కినా మొదటి మెట్టు మీద నిలబడి ‘పర్దా’ అని పిలవాలి. కింది ఆడవాళ్లు లోపలికి తప్పుకొని ‘ఆఁ’ అన్నాకే పైకి అడుగు వెయ్యాలి. పిలవకుండా మిద్దె ఎక్కినవాడు గది ఖాళీ చేసి పోవాలని కమాలుద్దీన్ చెప్పాడు, రామలింగయ్య రాశాడు, దుర్గయ్యకు తెలుగులో చదివి వినిపించాడు.

ఇక దుర్గయ్యతో కాపురం సంగతి. అది పడ్డవాడికే తెలుస్తుంది. క్లారినెట్ నోటికి పెట్టుకునే దగ్గర రెల్లుపుల్లతో చేసిన సన్నటి పీక ఉంటుంది, దాన్ని నానబెట్టనిదే పాట పలకదు. దుర్గయ్య దాన్ని నానబెట్టేది రామలింగయ్య మంచినీళ్ల గ్లాసులో. తుడుచుకునేది రామలింగయ్య తువ్వాలుతో. పెళ్లి ఇళ్ల నుంచి లడ్డూలు మూటగట్టుకొచ్చి తలకింద పెట్టుకొని పడుకుంటే, తెల్లారేసరికి చీమల బారు రామలింగయ్య చాప మీదుగా పోతుండేది. పడుకున్నాడంటే గురక, లేచాడంటే సాధకం. ఇత్తడి గుండీల ఎర్రకోటు తడిసి వస్తే ఎక్కడ చోటుంటే అక్కడ పరిచేవాడు, ఆ చోటు కాగితాల కట్ట అయినా సరే.

ఇన్ని పడుతూ రామలింగయ్య అతనితో ఒక్క మాట అనలేదు. వకీలు దగ్గర చెప్పుకున్నాడు, పాన్ దుకాణం వాడితో చెప్పుకున్నాడు, ఊరికి రాసే ఉత్తరంలో చెప్పుకున్నాడు. దుర్గయ్యతో మాత్రం చెప్పలేదు. ఒకనాడు ఒళ్లుమండి సుద్దముక్కతో గది మధ్యన అడ్డంగా గీత గీశాడు, ఇటు నాది అటు నీది అని తెలియాలని. దుర్గయ్య వచ్చి ఆ గీతను వంగి చూసి, చీమల కోసం గీసినవా లింగన్నా అని అడిగాడు. రామలింగయ్య అవునన్నాడు. మర్నాడు దుర్గయ్య ఎవరినో అడిగి గీత పొడుగునా పసుపు కూడా చల్లాడు, చీమలకు పసుపే పడదని.

‘పర్దా’ పిలవడంలో మాత్రం ఇద్దరికీ హస్తిమశకాంతరం. దుర్గయ్య పిలిస్తే సందు మొగలో కట్టేసిన మేక కూడా చెవులు రిక్కించేది. దుర్గయ్య పిలుపుకు మాదన్నపేట ఆడోళ్లు గూడ లోపటికి పోతరని షౌకత్ బీ నవ్వేది. రామలింగయ్య పిలుపు అతని మెడ దాటి వచ్చేది కాదు. మూడుసార్లు, నాలుగుసార్లు పిలిచి, ‘ఆఁ’ అని వినపడేదాకా తడిబట్టలు చేత్తో పట్టుకొని మెట్టు మీదే నిలబడేవాడు.

ఇలా రెండేళ్లు గడిచాయి. అప్పుడు కమల కార్డు వచ్చింది.

కమల అతని భార్య. పెళ్లై నాలుగేళ్లయినా భువనగిరిలో అతని అన్నగారింట్లోనే ఉంది. తోడికోడలి పొయ్యి మీద తోడికోడలు చెప్పిన కూర వండి, ధాన్యం బస్తాల గదిలో పడుకునేది. గుండ్రటి అక్షరాలతో నాలుగే వాక్యాలు రాసింది. ఇక్కడ నన్నెవరూ ఏమీ అనడం లేదు, కానీ నాకంటూ ఒక పొయ్యి లేదు, గది ఎంత చిన్నదైనా సరే, ఈ ఏడన్నా తీసుకుపొండి అని. రామలింగయ్య ఆ కార్డు నాలుగుసార్లు చదివాడు. దుర్గయ్య గదికి ఆ చివర కూర్చొని పీక తుడుచుకుంటూ, వదినె రాసిందా అని అడిగాడు. ఆమె మంచిగున్నదా, ఏమన్న కావాల్నన్నదా అని మళ్లీ అడిగాడు. ఏం లేదన్నాడు రామలింగయ్య. ‘అడగందే అమ్మయినా అన్నం పెట్టదు లింగన్నా’ అని నవ్వి దుర్గయ్య పీక నోట్లో పెట్టుకున్నాడు. ఆ మాట తననే అన్నాడని రామలింగయ్యకు తట్టలేదు.

మర్నాడు అతను అడిగాడు. అడగవలసినవాణ్ణి కాదు, కమాలుద్దీన్ సాబ్‌ను. దుర్గయ్య పేరు కొట్టేసి గది తనొక్కడి పేర రాయమన్నాడు. కమాలుద్దీన్ కంటికున్న భూతద్దం తీసి పక్కన పెట్టాడు. ఇద్దరు కలిసి వచ్చిన్రు, ఇద్దరు నిషానీ పెట్టిన్రు, షరతు తప్పితే వేరే మాట గాని లేకుంటే నేనెట్ల ఒకణ్ణి పొమ్మంట అన్నాడు. మీలో మీరు మాట్లాడుకోండి, దుర్గయ్య ఒప్పుకుంటే నాకేం అడ్డం లేదు అని కూడా అన్నాడు. రామలింగయ్యకు మొదటి మాటే మనసులో నిలిచింది. షరతు తప్పితే.

అంటే అతను అప్పుడే ఏదో పన్నాగం పన్నాడని కాదు. అంత ధైర్యం ఉన్న మనిషి కాదు. నెల తిరగకుండా షరతు తప్పింది తనే.

ఆ పొద్దున లేచేసరికి, రాత్రి పొద్దుపోయేదాకా కూర్చొని రాసిన నకలు మీద దుర్గయ్య తడి ఎర్రకోటు పరిచి ఉంది. అదృష్టం కొద్దీ సిరా అలుక్కుపోలేదు గానీ కాగితాలు మెత్తబడ్డాయి. రామలింగయ్య కిక్కురుమనకుండా వాటిని మిద్దె మీద ఎండలో పరిచి, ఇటుకముక్కలు పెట్టి, వకీలు కచేరీకి పోయాడు. మధ్యాహ్నం దాటాక వకీలు ఆ నకలే కావాలన్నాడు, ఇప్పుడే, కోర్టులో ముకద్దమాకు పిలుపు వచ్చేలోగా. నయాపూల్ నుంచి లాల్‌దర్వాజా దాకా రామలింగయ్య సగం నడిచి సగం పరుగెత్తాడు. దారిపొడుగునా మనసులో దుర్గయ్యను తిడుతూనే ఉన్నాడు. ఆ తిట్ల జోరులోనే సందు మెట్లెక్కాడు, గది దాటాడు, ఆ పది మెట్లూ ఎక్కి మిద్దె మీద నిలబడ్డాడు.

పిలవలేదు.

కింద వాకిట్లో సురయ్యా తలంటుకొని, మంచం మీద కూర్చొని, జుట్టు విరబోసుకొని ఆరబెట్టుకుంటోంది. తలమీద గుడ్డ లేదు. మూడు గంటల ఎండలో రామలింగయ్య నీడ పిట్టగోడ దాటి ఆమె కాళ్ల దగ్గర పడింది. ఆమె ఉలిక్కిపడి తల ఎత్తేలోగా అతను చటుక్కున కిందికి కూలబడ్డాడు. వాకిట్లో గాజులు గలగలమన్నాయి, తలుపు మూసుకుంది. ఆ పిట్టగోడ చాటున అతను నక్కి కూర్చొని, తర్వాత కాగితాలు ఏరుకొని పిల్లిలా మెట్లు దిగి కచేరీకి పోయాడు. ముకద్దమాకు నకలు అందింది. వకీలు శభాష్ అన్నాడు.

ఆ సాయంత్రం కమాలుద్దీన్ పై గదికి వచ్చాడు. ఎప్పుడూ వచ్చేవాడు కాదు. దుర్గయ్య ఇంకా రాలేదు. ఆయన గడపలోనే నిలబడి, తగ్గు గొంతుతో అడిగాడు.

“ఇయ్యాల మూడు గంటలకు ఎవరో మిద్దె ఎక్కిన్రు రామలింగం. పిలుపు రాలే. నీవా, దుర్గయ్యనా?”

నేనే సాబ్, మర్చిపోయిన అంటే సరిపోయేది. కోపగించేవాడేమో, క్షమించేవాడేమో. కానీ రామలింగయ్యకు షరతు తన దస్తూరితో కళ్లముందు కనపడింది. దాని వెనకే కమల కార్డు కనపడింది, ఆమెకు లేని పొయ్యి కనపడింది. మాట దానంతటదే వచ్చింది.

“మూడు గంటలకు నేను కచేరిల ఉంట గద సాబ్.”

రోజూ ఆ వేళకు కచేరీలో ఉండే మాట నిజమే. ఏళ్ల తరబడి కోర్టు కాగితాలు దించిన మనిషి గదా, నిజమైన మాటతో అబద్ధం ఎట్లా చెప్పాలో ఆ చేతికి తెలియకపోయినా నోటికి అబ్బింది. కమాలుద్దీన్ అతని వైపు కొంచెంసేపు చూశాడు. గోడకు మేకున వేలాడే అతని నల్లటోపీ వైపు కూడా చూశాడు. అక్కడే నిలబడ్డాడు.

అంతలో దుర్గయ్య ఈల వేసుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. కమాలుద్దీన్ అదే మాట అతన్నీ అడిగాడు. దుర్గయ్య ఈల ఆగింది. అతను రామలింగయ్య వైపు చూశాడు. రామలింగయ్య చాప అంచున లేచిన పుల్లను సరిచేస్తున్నాడు, తల ఎత్తలేదు.

“నేనే సాబ్,” అన్నాడు దుర్గయ్య. “యాది మర్సిన.”

“నువ్వేనా?” అని కమాలుద్దీన్ రెండోసారి అడిగాడు.

“నేనే అంటున్న గద సాబ్. తప్పయింది.”

తేలు కుట్టిన దొంగకు అరుపు రాదంటారు. రామలింగయ్యకు ఆ రాత్రి నిద్ర రాలేదు. కానీ మనిషి మనసు ఎంతకైనా తగినది. తెల్లారేసరికి దానికో దారి దొరికింది. దుర్గయ్య కూడా ఏనాడో పిలవకుండా ఎక్కి ఉంటాడు, ఆ సంగతే ఒప్పుకొని ఉంటాడు, లేకపోతే చెయ్యని తప్పు ఎవడు ఒప్పుకుంటాడు అనుకున్నాడు. అలా అనుకున్నాక కాస్త కునుకు పట్టింది.

పొద్దున్నే కమాలుద్దీన్ ఇద్దరినీ దుకాణానికి రమ్మన్నాడు. పాత కిరాయినామా తీసి, వెనకవైపు తిప్పి, కలమూ సిరాబుడ్డీ రామలింగయ్య ముందు పెట్టాడు. ఆయన చెప్పాడు, ఇతను రాశాడు. దుర్గయ్య అనే నేను, మిద్దె ఎక్కునప్పుడు పర్దా పిలువక ఇంటి ఆడవారి మర్యాదకు భంగము కలిగించితిని, నా తప్పు ఒప్పుకొని గది విడిచి పోవుచున్నాను అని. కమాలుద్దీన్ ఒక్కొక్క మాటా చెప్పి ఆగేవాడు, చాలాసేపు ఆగేవాడు. రామలింగయ్య చెయ్యి అలవాటు ప్రకారం సాగిపోయింది. రాయడం అయ్యాక చదివి వినిపించమన్నాడు దుర్గయ్య. చదివి వినిపించాడు.

“మంచిగ రాసినవ్ లింగన్నా,” అని దుర్గయ్య బొటనవేలు వేసి, అంటిన సిరా జుట్టుకు రాసుకున్నాడు.

ఒక రేకుపెట్టె, క్లారినెట్ డబ్బా, ఎర్రకోటు. అంతే అతని సామాను. పోతూ పోతూ గూట్లో సగం మిగిలిన మామిడికాయ తొక్కు జాడీ వదినెకు ఉంచమని, ఆమెను తొందరగా తోలుకరమ్మని చెప్పాడు. సందు మలుపు దాకా పోయి, మరిచిపోయినట్టు వెనక్కి వచ్చి, కింది గుమ్మం బయట నిలబడి, షౌకత్ బీకి సలాం చెప్పి వెళ్లాడు. లోపలినుంచి జవాబు వచ్చిందో లేదో రామలింగయ్యకు వినపడలేదు.

ఇంతటితో ఆగినా ఒక దారి. చాయ్ హోటల్లో నలుగురూ అడిగారు, దుర్గయ్య ఎందుకు పోయాడని. వేరే చోటు చూసుకున్నాడంటే సరిపోయేది. కానీ ఒక అబద్ధానికి ఆసరా ఇంకో అబద్ధం కావాలి. ఆ మనిషి మంచివాడే గానీ, ఇంటివాళ్ల ఆడోళ్ల విషయంల కండ్లు మంచిగ లెవ్వు, మిద్దె మీదికెల్లి తొంగిచూసిండట, సాబే పొమ్మన్నడు అని చెప్పాడు. జీవితంలో ఆ ఒక్కసారి అతని గొంతు ఆ బల్ల మీంచి ఈ బల్ల దాకా అందరికీ వినిపించింది.

కార్తీకంలో కమల వచ్చింది. సుద్దగీత ఉన్నచోట ఇప్పుడు ఎర్రమట్టితో అలికిన పొయ్యి వెలసింది. మొదటిరోజు ఆమె అన్నం వండి, దించి, పొయ్యి ముందే కాసేపు కూర్చొని నిప్పుల్ని చూసింది. షౌకత్ బీతో, సురయ్యాతో రెండోనాడే కలిసిపోయింది. ఆమె ‘పర్దా’ పిలవనక్కర్లేదు గదా, ఎప్పుడంటే అప్పుడు మిద్దె ఎక్కి కిందివాళ్లతో మాట్లాడేది. మీతో ఉన్నాయన ఎందుకు పోయాడని ఆమె ఒకసారి అడిగింది. హోటల్లో చెప్పిన మాటే రామలింగయ్య ఆమెకూ చెప్పాడు. థూ, ఏం మనిషి అంది కమల. తొక్కు జాడీ కడిగి బోర్లించింది.

మాఘంలో ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, లాల్‌దర్వాజా బజారులో పెళ్లి ఊరేగింపు వచ్చింది. మొగుడూ పెళ్లాలిద్దరూ పాన్ దుకాణం అరుగు పక్కన నిలబడి చూస్తున్నారు. లక్ష్మయ్య బ్యాండే అది. ఎర్రకోట్లు, ఇత్తడి గుండీలు, తాషా డప్పులు. క్లారినెట్ ఎవరో కొత్త పిలగాడు వాయిస్తున్నాడు, అపస్వరాలు పోతున్నాయి. రామలింగయ్య వరుసంతా వెదికాడు. దుర్గయ్య చివర ఉన్నాడు. ఒంటిమీద ఎర్రకోటు లేదు. నెత్తిమీద చుట్టకుదురు, దానిమీద బుసకొడుతున్న గ్యాస్‌లైటు.

పాన్ దుకాణం వాడు అడగకుండానే చెప్పాడు. బ్యాండు పెండ్లింటి వాకిట్లకు పోతది గదా, ఆడోళ్లుంటరు, ఇసొంటోణ్ణి లోపటికి తోలుకపోతే నా మేళాన్ని ఎవరు పిలుస్తరని లక్ష్మయ్య పాట బంద్ చేయించిండట. లైటు మోసేటోళ్లు బజార్లనే ఉంటరు గదా, గందుకు లైటు ఇచ్చిండు. రామలింగయ్య చేతిలోని పాన్ చేతిలోనే ఉండిపోయింది. ఆ మాట హోటల్లో తన నోట్లోంచి పుట్టిందని పాన్‌వాడికీ తెలుసు.

ఆయనేనా అని కమల అడిగింది. రామలింగయ్య తల ఊపాడు. అంతలో దుర్గయ్య వాళ్లను చూశాడు. నెత్తిన బరువుంది, మెడ తిప్పరాదు. కళ్లు మాత్రం తిప్పి, మొహమంతా నవ్వు చేసుకొని, వదినే, మంచిగున్నవా అన్నాడు. కమల కొంగు మొహానికి అడ్డంగా లాక్కొని వీపు తిప్పి నిలబడింది. గ్యాస్‌లైటు వెలుగు దుర్గయ్య మొహం మీదే పడుతోంది. ఆ నవ్వు ఏమైందో బజారంతా చూసింది. రామలింగయ్య మాత్రం నేల చూపులు చూస్తూ ఊరేగింపు దాటిపోయేదాకా నిలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోవడం అంటే ఏమిటో అతనికి తెలిసింది.

మర్నాడు అతను కచేరీ నుంచి వచ్చేసరికి పొయ్యి వెలిగించి లేదు. కమల గోడకానుకొని కూర్చుంది. నిన్నటి సంగతి షౌకత్ బీకి గొప్పగా చెప్పుకుందట, ఆ మనిషి పలకరిస్తే మొహం తిప్పుకున్నానని. అప్పుడు ముసలామె చెప్పిందట.

“సురయ్యా చూసిన నీడకు టోపీ ఉన్నదట,” అంది కమల. ఆమె కళ్లు మేకున ఉన్న నల్లటోపీ మీదే ఉన్నాయి. “దుర్గయ్య జన్మల టోపీ పెట్టలేదట. ఆ పొద్దు ఆయన సందుల నల్లా నీళ్ల కాడ ఉన్నడట. మీరు ఉరుక్కుంట మెట్లెక్కింది చూసిండట, లింగన్నా అని పిలిస్తే గూడ మీకు ఇనరాలేదట. పిలుపు లేకుండ మిద్దె ఎక్కింది గూడ ఆయనకెరుకే.”

రామలింగయ్య మేకుకు అడ్డంగా జరిగి నిలబడ్డాడు.

“పోయేనాడు గుమ్మం కాడ నిలబడి అమ్మకు చెప్పిండట. లింగన్న పెండ్లాం రావాల్నమ్మా, ఆయనకు గది పోతే ఆమె యాడికొస్తది, నాకేం, ఒక్కణ్ణి, ఎవ్వరికి చెప్పకుండ్రి అని.” ఆమె బోర్లించిన జాడీ వైపు చూసింది. “నా కోసం పోయిన మనిషిని చూసి నేను మొఖం తిప్పుకున్న. మీరు చెప్పిన మాటకు తిప్పుకున్న.”

తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. కమల తిట్టలేదు. లేచి, కడిగి బోర్లించిన జాడీని నిలబెట్టి, మళ్లీ వచ్చి కూర్చుంది.

అతను అలాగే మెట్లు దిగి కమాలుద్దీన్ దుకాణానికి పోయాడు. ఆయన ఒక గడియారం కడుపు విప్పి కూర్చొని ఉన్నాడు. రామలింగయ్య చెప్పవలసింది చెప్పాడు, సగం మాటలు మింగుతూ. ఆ కాగితం ఇస్తే నిజం రాసి సంతకం చేస్తానన్నాడు. షరతు ప్రకారం గది ఖాళీ చేస్తానన్నాడు. కమాలుద్దీన్ ఆశ్చర్యపోలేదు.

“టోపీ సంగతి నాకు గా పొద్దే ఎరుక,” అన్నాడు. “వాడు నేనే అన్నంక, తప్పు నెత్తిమీద ఏసుకున్నోణ్ణి అబద్ధాలకోరు అని ఎట్లంట? గందుకే నీతోటి రాయించిన. నీ చెయ్యి ఎక్కడన్న ఆగుతదేమో అని చూసిన రామలింగం. ఒక్కొక్క మాటకు ఆగుకుంట చెప్పిన. ఆగలే. అక్షరం గూడ వంకర పోలే.”

రామలింగయ్య తన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. తప్పులో తన పాలూ ఉందని, ఆ పొద్దే తను నోరు తెరవవలసిందని కమాలుద్దీన్ అన్నాడు. కానీ కాగితం మాత్రం తియ్యలేదు. కాగితం పెట్టెల ఉంటది, ఎవరు చూసిన్రు, బస్తీల తిరుగుతున్నది నీ నోటి మాట, దానికి నీ నోరే కావాలె అన్నాడు. గది ఖాళీ చేయొద్దన్నాడు. ఖాళీ చేస్తే నీ పానం హాయిగైతది, గంత హాయి నీకు నేనియ్య అని మళ్లీ గడియారం మీదికి వంగాడు.

చాయ్ హోటల్ అక్కడికి వంద అడుగులుంటుందేమో. ఆ వందడుగులూ నడవడానికి రామలింగయ్యకు చాలాసేపు పట్టింది. లోపల ఎప్పటిలాగే నిండుగా ఉంది. లక్ష్మయ్య తన మేళగాళ్లతో మధ్య బల్ల దగ్గర కూర్చున్నాడు. గుమ్మం పక్కన నేలమీద దుర్గయ్య గ్యాస్‌లైట్ల అద్దాలు బూడిదతో తోముతున్నాడు. రామలింగయ్య లక్ష్మయ్య ముందు నిలబడి చెప్పాడు. ఎవరూ తల తిప్పలేదు. కప్పుల చప్పుడు, మాటల చప్పుడు.

“ఏందన్నా?” అన్నాడు లక్ష్మయ్య. “ఏమంటున్నవ్, ఇనరాలే.”

మెట్టు మీద నిలబడి నాలుగుసార్లు పిలిచినా వాకిలికి చేరని ఆ గొంతును రామలింగయ్య బలవంతంగా పైకి లాగాడు.

“పర్దా పిలువకుండ మిద్దె ఎక్కింది నేను. దుర్గయ్య కాదు. తొంగిచూసిండని ఈడనే కూసోని చెప్పింది గూడ నేనే. అది అబద్ధం.”

ఈసారి అందరికీ వినపడింది. కప్పుల చప్పుడు ఆగింది. ఎవరో మూల నుంచి థూ అన్నారు. లక్ష్మయ్య అతన్ని కిందినుంచి పైదాకా చూసి, నాలుగు నెలలు ఏడ వోయినవ్ అని మాత్రం అడిగాడు. దుర్గయ్య తల ఎత్తలేదు. తోముతున్న అద్దమే తోముతున్నాడు.

రామలింగయ్య బయటపడి సందు మొగ దాకా వచ్చేసరికి వెనక అడుగుల చప్పుడు వినిపించింది. దుర్గయ్యే. చేతుల నిండా బూడిద. కొడతాడేమో అనుకున్నాడు, కొడితే బాగుండుననీ అనుకున్నాడు. దుర్గయ్య చేతులు లుంగీకి తుడుచుకొని, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు చెప్పాడు.

“వదినె కార్డు వచ్చిన పొద్దు నువ్వు దాన్ని నాలుగుసార్లు చదివినవ్ లింగన్నా. నేను చూసిన. ఇగ అడుగుతడు, ఇగ అడుగుతడు అని నెల దినాలు చూసిన. దుర్గయ్యా, జర పోరాదే అని ఒక్క మాట అంటే నేను పోయేటోణ్ణి గద.”

అతని గొంతులో కోపం లేదు. అర్థం కాని సంగతి అడిగి తెలుసుకుందామనే ఉంది. దుర్గయ్య కాసేపు చూసి, ఇంకో రెండు అద్దాలున్నాయని చెప్పి హోటల్ వైపు పోయాడు.

ఇంట్లో పొయ్యి వెలిగి ఉంది. కమల ఎసరు పెట్టింది. చెప్పారా అని అడిగింది. చెప్పానన్నాడు. అందరి ముందా అంది. అందరి ముందే అన్నాడు. ఆమె కాసేపు నిప్పులు ఎగదోసి, తల తిప్పకుండానే అడిగింది.

“ఆయనేమన్నడు?”

బస్తీ అంతటి ముందూ తన తప్పు చెప్పుకొని వచ్చిన మనిషి, దుర్గయ్య అన్న ఆ ఒక్క మాట కమలకు చెప్పలేకపోయాడు. ఎసరు మరిగేదాకా ఆమె అతని జవాబు కోసం చూస్తూనే ఉంది.